ఒకే చీటీలో బరువు పెంచే మాత్ర, బరువు తగ్గించే సూది

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ సాయంత్రం పూట ఏ మందుల షాపు దగ్గర కాసేపు నిలబడినా ఒక రకం చీటీ కనిపిస్తుంది. షుగర్ వచ్చి ఏడెనిమిదేళ్లయిన మనిషిది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకోమని రాసిన మాత్ర ఒక్కటే, కానీ అందులో మందులు మూడు: గ్లిమెపిరైడ్ 2 మిల్లీగ్రాములు, మెట్‌ఫార్మిన్ 500, పయోగ్లిటాజోన్ 15. కింద బీపీకి ఒకటి, కొలెస్ట్రాల్‌కు ఒకటి. ఆ చీటీ పట్టుకొచ్చినవాళ్లు ఈ మధ్య అడిగే మాట కూడా ఒకటే: "వారానికొకసారి వేసుకుంటే బరువు తగ్గే సూది వచ్చిందంట, మీ దగ్గర ఉందా?"

అడగడంలో తప్పేమీ లేదు. కానీ దానికంటే ముందు చూసుకోవాల్సింది ఆ చీటీలోనే ఉంది. ఆ మాత్రలో ఉన్న మూడు మందుల్లో రెండు బరువు పెంచేవి. గ్లిమెపిరైడ్ పెంచుతుంది, పయోగ్లిటాజోన్ పెంచుతుంది, మెట్‌ఫార్మిన్ ఒక్కటే కొంచెం తగ్గిస్తుంది. వీటిని అలాగే ఉంచి పైన నెలకు వేల రూపాయల సూది మొదలుపెడితే, ఒక చేత్తో లాగుతూ ఇంకో చేత్తో నెట్టినట్టే అవుతుంది. షుగర్ మందులను, బరువు మందులను వేరు వేరు అరల్లో పెట్టి చూడటం వల్ల వచ్చే చిక్కు ఇది. ఒంటి బరువు విషయంలో షుగర్ మందులన్నీ ఒకేలా ఉండవు. కొన్ని పెంచుతాయి, కొన్ని తగ్గిస్తాయి, కొన్ని ఎటూ కదపవు. పోల్చడం అక్కడి నుంచి మొదలుపెడితే కొత్త సూది ఎవరికి అవసరమో, ఎవరికి కాదో చాలావరకు తేలిపోతుంది.

ముందు మెట్‌ఫార్మిన్ సంగతి. ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ అనే వైద్యుడు 1957లో దీన్ని షుగర్ రోగులకు వాడి ఫలితాలు ప్రచురించాడు. దాదాపు 70 ఏళ్ల తర్వాత కూడా చీటీలో మొదటి పేరు ఇదే. కాలేయం రాత్రంతా చక్కెర తయారుచేసి రక్తంలోకి వదలడాన్ని ఇది తగ్గిస్తుంది. మూడు నెలల షుగర్, అంటే హెచ్‌బీఏ1సీ, ఒకటి నుంచి ఒకటిన్నర శాతం దాకా దిగుతుంది. బరువు రెండు మూడు కిలోలు తగ్గొచ్చు, అంతకుమించి ఆశించకూడదు. ఒక్కటే వాడితే లో షుగర్ భయం దాదాపు లేదు. మాత్ర రెండు రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. మొదట్లో కడుపు ఉబ్బరం, విరేచనాలు ఉంటే భోజనంతో పాటు వేసుకోవడం, నిదానంగా కరిగే రకానికి మారడం పనిచేస్తాయి. ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 విటమిన్ తగ్గుతుంది. అరికాళ్లు తిమ్మిర్లెక్కితే అది షుగర్ వల్లే అనుకుని ఊరుకుంటారు గానీ, బీ12 పరీక్ష ఒకసారి చేయిస్తే అసలు కారణం తెలియొచ్చు. కిడ్నీ పనితీరు బాగా పడిపోయినవాళ్లకు, అంటే ఈజీఎఫ్ఆర్ 30 కంటే తక్కువ ఉన్నవాళ్లకు, ఇది పనికిరాదు.

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, పాత గ్లిబెన్‌క్లమైడ్ ఒకే కుటుంబం. ఇవి క్లోమాన్ని గట్టిగా తట్టి ఇన్సులిన్ వదిలిస్తాయి. తిన్నా తినకపోయినా తడతాయి, సమస్యంతా అక్కడే ఉంది. బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ఫలితాలు వెలువడిన పెద్ద అధ్యయనంలో, మామూలు చికిత్సలో ఉన్నవాళ్ల కంటే గ్లిబెన్‌క్లమైడ్ వాడినవాళ్లు 1.7 కిలోలు, ఇన్సులిన్ వాడినవాళ్లు 4 కిలోలు ఎక్కువ పెరిగారు. అదే అధ్యయనం షుగర్‌ను గట్టిగా అదుపులో పెడితే కంటికి, కిడ్నీకి మేలు జరుగుతుందని కూడా తేల్చింది. కాబట్టి ఇవి చెడ్డ మందులు కావు. చవకైనవి, షుగర్‌ను త్వరగా దించేవి. కానీ బరువు ఇప్పటికే ఎక్కువగా ఉన్న మనిషికి ఇవే మొదటి తోడు కావాలా అన్నది డాక్టర్‌తో కూర్చుని మాట్లాడాల్సిన విషయం.

తిరుపతి చుట్టుపక్కల వాళ్లకు ఈ కుటుంబం విషయంలో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. పెరటాసి నెల (సెప్టెంబరు-అక్టోబరు) శనివారాల్లో ఒక్కపొద్దు ఉండటం ఇక్కడ ఇంటింటా ఉంది. తెల్లవారుజామున స్నానం చేసి, పరగడుపునే అలిపిరి దగ్గర మెట్టుకు దండం పెట్టి ఎక్కడం మొదలుపెట్టేవాళ్లు చాలామంది. అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు. పొద్దున మాత్ర అలవాటుగా వేసుకున్నారు, తిండి లేదు, కాళ్లు మాత్రం గంటల తరబడి పనిచేస్తున్నాయి. గ్లిమెపిరైడ్ వాడేవాళ్లకు ఇది నేరుగా లో షుగర్‌కు దారి. గాలిగోపురం చేరేలోపే చెమటలు, వణుకు, గుండె దడ, చూపు మసకబారడం మొదలవుతాయి. మెట్లెక్కితే ఎవరికైనా చెమట పడుతుంది కాబట్టి పక్కనున్నవాళ్లు కూడా గుర్తుపట్టలేరు. మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట కూర్చోబెట్టి, తర్వాత ఏదైనా తినిపిస్తే కోలుకుంటారు. స్పృహ తప్పినవాళ్ల నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. షుగర్, గుండె జబ్బు, ఊబకాయం ఉన్నవాళ్లు నడక దారి మానుకోవడం మంచిదని టీటీడీ 2024లో సూచన చేసింది కూడా. మొక్కు ఉండి నడిచి తీరాల్సినవాళ్లు, ముందు రోజే డాక్టర్‌ను అడిగి ఆ పొద్దుటి మాత్ర మానాలో, సగం వేసుకోవాలో తెలుసుకోవాలి. మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవాళ్లకు, లేదా కొత్త సూది మందు ఒక్కటే వాడేవాళ్లకు ఈ లో షుగర్ భయం చాలా తక్కువ. మందుల మధ్య తేడా కాగితం మీద కంటే మెట్ల మీద బాగా తెలుస్తుంది.

పయోగ్లిటాజోన్ గురించి క్లుప్తంగా. ఇన్సులిన్‌కు ఒళ్లు మొద్దుబారడాన్ని ఇది నిజంగానే తగ్గిస్తుంది. కానీ కాళ్ల వాపు, ఒంట్లో నీరు చేరడం, బరువు పెరగడం, ఆడవాళ్లలో ఎముకలు విరగడం దీనితో వచ్చే ఇబ్బందులు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. మూత్రాశయ క్యాన్సర్ అనుమానంతో 2013 జూన్‌లో కేంద్రం దీన్ని నిలిపేసి, జులై ఆఖరులో హెచ్చరిక ముద్రించాలన్న షరతుతో మళ్లీ అనుమతించింది. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ లాంటి గ్లిప్టిన్లు బరువును పెంచవు, తగ్గించవు. షుగర్‌ను దించేది కూడా మితంగానే, అర శాతం నుంచి 0.8 దాకా. వయసు పైబడి, లో షుగర్ అస్సలు రాకూడని వాళ్లకు ఇవి నెమ్మదైన మందులు.

ఇక డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్. బరువు తగ్గాలనుకునే షుగర్ మనిషి సూది కంటే ముందు తెలుసుకోవాల్సిన మాత్రలు ఇవి. కిడ్నీ వడపోసిన చక్కెరను మళ్లీ రక్తంలోకి లాక్కోకుండా ఇవి ఆపుతాయి. రోజుకు 60 నుంచి 80 గ్రాముల చక్కెర మూత్రంలో పోతుంది. దాంతో రెండు మూడు కిలోలు తగ్గుతారు, బీపీ కూడా కాస్త దిగుతుంది. అంతకంటే పెద్ద లాభం వేరే ఉంది. ఎంపాగ్లిఫ్లోజిన్ మీద 2015లో వచ్చిన అధ్యయనంలో, ముందే గుండె జబ్బు ఉన్న షుగర్ రోగుల్లో గుండె సంబంధ మరణాలు 38 శాతం తగ్గాయి. కిడ్నీని కాపాడటంలో, గుండె వైఫల్యంతో ఆసుపత్రి పాలు కాకుండా చూడటంలో ఈ కుటుంబానికి మంచి ఆధారాలున్నాయి. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు మన దేశంలో 2020లో, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025 మార్చిలో ముగిశాయి. ఒక్కో మాత్ర 60 రూపాయల దాకా ఉన్న ఎంపాగ్లిఫ్లోజిన్, ఆ తర్వాత పది రూపాయల లోపు కూడా దొరకడం మొదలైంది.

ఇబ్బందులూ ఉన్నాయి. మూత్రంలో చక్కెర పోతుంది కాబట్టి జననాంగాల దగ్గర దురద, ఫంగస్ వస్తుంది. ఈ మాట డాక్టర్ ముందు చెప్పుకోలేక మందే మానేసే ఆడవాళ్లు ఎందరో. శుభ్రంగా నీళ్లతో కడుక్కుని తుడుచుకోవడం, ఒక పూత మందు, చాలామందికి ఇంతే సరిపోతుంది. సిగ్గుపడి మంచి మందు వదులుకోవాల్సిన పని లేదు. మే నెల ఎండల్లో పొలం పనికి పోయేవాళ్లు నీళ్లు బాగా తాగాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు, రోజంతా కటిక ఉపవాసం ఉన్నప్పుడు, ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఈ మాత్ర ఆపాలి. లేకపోతే షుగర్ రీడింగ్ పెద్దగా పెరగకుండానే రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్ వచ్చే ప్రమాదం ఉంది. గ్లూకోమీటర్‌లో 180 చూసి ఏమీ కాలేదులే అనుకుని ఇంట్లో ఉండిపోవడం ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది.

ఇప్పుడు అందరూ అడిగే సూది సంగతి. అన్నం తిన్నాక పేగుల్లో జీఎల్‌పీ-1 అనే హార్మోన్ పుడుతుంది. ఇన్సులిన్ వదలమని క్లోమానికి, ఇక చాలని మెదడుకు, నెమ్మదిగా ఖాళీ కమ్మని కడుపుకు చెప్పేది అదే. కానీ అది రక్తంలో నిలిచేది ఒకటి రెండు నిమిషాలే. దాన్ని పోలినదీ, ఎక్కువ సేపు నిలిచేదీ మొదట దొరికింది అమెరికా ఎడారుల్లో ఉండే గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి విషంలో. జాన్ ఎంగ్ అనే శాస్త్రవేత్త దాన్ని గుర్తించాడు. దాని ఆధారంగా తయారైన ఎక్సెనటైడ్‌కు 2005లో అమెరికాలో అనుమతి వచ్చింది, రోజుకు రెండు సూదులు. తర్వాత రోజుకు ఒకసారి వేసుకునే లిరాగ్లుటైడ్. ఆ తర్వాత వారానికొకసారి చాలే సెమాగ్లుటైడ్. దీని తయారీదారు డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్. అమెరికా కంపెనీ ఎలై లిల్లీ తెచ్చిన టిర్జెపటైడ్ ఇంకో అడుగు ముందుకేసింది. జీఎల్‌పీ-1తో పాటు జీఐపీ అనే మరో హార్మోన్ పని కూడా ఇదే చేస్తుంది.

పేర్ల గందరగోళం ఇక్కడ తీర్చుకోవాలి. ఓజెంపిక్, వెగోవీ, రైబెల్సస్ మూడింటిలో ఉన్నది సెమాగ్లుటైడే. ఓజెంపిక్ షుగర్‌కు, వెగోవీ బరువుకు, రైబెల్సస్ మింగే మాత్ర. మౌంజారోలో ఉన్నది టిర్జెపటైడ్. రెండు బ్రాండ్లు రెండు వేరు మందులనుకుని ఒకదాని మీద ఒకటి వేసుకోవడం, ఒకే మందును రెట్టింపు డోసులో వేసుకోవడమే అవుతుంది.

అంకెల్లోకి వస్తే చాలామందికి నిరాశ కలిగే చోటు ఒకటుంది, దాన్ని దాచకుండా చెప్పాలి. సెమాగ్లుటైడ్ 2.4 మిల్లీగ్రాములతో 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గిందన్న 2021 నాటి ఫలితమే అందరి నోటా నానింది. అది షుగర్ లేనివాళ్ల మీద చేసిన అధ్యయనం. అదే డోసు షుగర్ ఉన్నవాళ్లకు ఇస్తే తగ్గింది 9.6 శాతం. టిర్జెపటైడ్‌తో కూడా ఇదే తేడా. పెద్ద డోసులో షుగర్ లేనివాళ్లు 72 వారాల్లో 20.9 శాతం తగ్గితే, షుగర్ ఉన్నవాళ్లు 14.7 శాతం తగ్గారు. 80 కిలోల మనిషి లెక్కలో చూస్తే, సెమాగ్లుటైడ్‌తో షుగర్ లేని మనిషి సుమారు 12 కిలోలు దిగే చోట షుగర్ ఉన్న మనిషి ఏడున్నర కిలోలు దిగుతారు. పక్కింటి అబ్బాయి పదిహేను కిలోలు తగ్గాడు, నాకు మందు పనిచేయలేదు అని మధ్యలో మానేసేవాళ్లు ఈ తేడా ముందే తెలుసుకుంటే బాగుంటుంది. ఏడున్నర కిలోలు చిన్న విషయం కాదు. నడుం కొలత తగ్గుతుంది, మోకాళ్ల మీద భారం తగ్గుతుంది, ఇన్సులిన్ అవసరం తగ్గుతుంది.

రెండింటినీ నేరుగా తలపడేట్టు చేసిన అధ్యయనాల్లో టిర్జెపటైడ్‌దే పైచేయి. షుగర్ రోగుల్లో సెమాగ్లుటైడ్ 1 మిల్లీగ్రాము హెచ్‌బీఏ1సీని 1.86 దించితే, టిర్జెపటైడ్ డోసును బట్టి 2.0 నుంచి 2.3 దాకా దించింది. బరువు విషయంలో షుగర్ లేనివాళ్ల మీద 2025లో వచ్చిన పోలికలో టిర్జెపటైడ్ 20.2 శాతం, సెమాగ్లుటైడ్ 13.7 శాతం. అంతమాత్రాన సెమాగ్లుటైడ్‌ను పక్కన పెట్టేయడం తొందరపాటు. షుగర్ లేకపోయినా గుండె జబ్బు, అధిక బరువు ఉన్న 17,604 మంది మీద చేసిన అధ్యయనంలో గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధ మరణం కలిపి 20 శాతం తగ్గాయని 2023లో తేలింది సెమాగ్లుటైడ్‌తోనే. షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో తీవ్రమైన కిడ్నీ సమస్యలు 24 శాతం తగ్గాయని 2024లో తేలింది కూడా దీనితోనే. గుండెకు స్టెంటు వేయించుకున్న మనిషికీ, కేవలం బరువు ఎక్కువున్న మనిషికీ ఒకే మందు మేలైనది కానవసరం లేదు.

సూదంటే భయపడేవాళ్లు మాత్ర రూపం గురించి అడుగుతారు. 2022 నుంచి మన దగ్గర దొరుకుతున్న రైబెల్సస్‌తో ఒక పట్టింపు ఉంది. పొద్దున లేవగానే, పరగడుపున, 120 మిల్లీలీటర్లకు మించని నీళ్లతో, అంటే చిన్న గ్లాసులో సగం నీళ్లతో, మింగాలి. ఆ తర్వాత అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు, వేరే మాత్ర కూడా వేసుకోకూడదు. మింగిన మందులో ఒంటికి పట్టేదే ఒక శాతం లోపు. కడుపులో ఇంకేదైనా ఉంటే అదీ పట్టదు. ఈ ప్రాంతంలో కళ్లు తెరిచీ తెరవగానే డికాషన్ కాఫీ గొంతు దిగాలి. కాఫీతో మాత్ర మింగేవాళ్లకు ఆ డబ్బంతా వృథా. కాఫీని అరగంట వెనక్కి జరపలేని మనిషికి వారానికొక సూదే నయం.

ధర దగ్గర నెల లెక్క చూసి నిర్ణయం తీసుకోవడం పెద్ద పొరపాటు. 2025 మార్చిలో మౌంజారో మన దేశంలోకి వచ్చినప్పుడు 2.5 మిల్లీగ్రాముల వయల్, అంటే ఒక వారానికి సరిపోయే చిన్న సీసా, 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375. మొదటి నాలుగు వారాలు 2.5, తర్వాత 5. ఆ లెక్కన 5 దగ్గరే ఆగినా నెలకు 17,500, ఏడాదికి రెండు లక్షలు దాటుతుంది. ఏడాదితో అయిపోయేదైతే అప్పో సప్పో చేయొచ్చు. కానీ సెమాగ్లుటైడ్ మానేసినవాళ్లను ఏడాది తర్వాత చూస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. కారణం మనిషి క్రమశిక్షణ లేకపోవడం కాదు. మందు ఆపగానే ఆకలి తిరిగొస్తుంది, తగ్గిన ఒళ్లు పాత బరువు కోసం పాకులాడుతుంది. బీపీ మాత్ర మానేస్తే బీపీ పెరిగినట్టే ఇది కూడా. కాబట్టి పెళ్లిలోపు తగ్గాలని మూడు నెలలు వేసుకుని ఆపేద్దామనుకునేవాళ్లు, ఆ డబ్బును మూడు నెలలకు అద్దె కట్టినట్టు లెక్కేసుకోవాలి. ఈ సూది నాలుగైదేళ్లు కొనగలమా అన్నదే ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిన ప్రశ్న.

ఈ లెక్క మారే రోజులు మాత్రం వచ్చాయి. సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు మన దేశంలో 2026 మార్చి దాకానే. హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ సహా పలు దేశీయ కంపెనీలు దీని కోసం ముందు నుంచే సిద్ధమయ్యాయి. ఆ గడువు దగ్గరపడుతున్న కొద్దీ, 2025 నవంబరులో, నోవో నార్డిస్క్ కూడా ఇక్కడ వెగోవీ ధర తగ్గించింది. 2022 జులైలో సిటాగ్లిప్టిన్ పేటెంటు ముగిశాక ఏం జరిగిందో గుర్తు చేసుకోవచ్చు. కొన్ని నెలల్లోనే జన ఔషధి కేంద్రాల్లో 50 మిల్లీగ్రాముల మాత్రలు పది 60 రూపాయలకు వచ్చాయి. టిర్జెపటైడ్ ఇంకా పేటెంటు కిందే ఉంది. ఏళ్ల తరబడి వాడాల్సిన మందులో ఐదారు శాతం ఎక్కువ బరువు తగ్గడం కంటే, మధ్యలో ఆపకుండా కొనగలగడం చాలా కుటుంబాలకు ముఖ్యం. ఈ కోణంలో చూస్తే రాయలసీమ మధ్యతరగతి ఇంటికి చవకైన సెమాగ్లుటైడే తగిన మందు కావచ్చు.

ఎవరు వాడాలన్నదానికి కొలతలున్నాయి. మన దేశంలో బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. బరువు మందులకు అనుమతి మాత్రం 30 దాటినవాళ్లకు, లేదా షుగర్, బీపీ లాంటి జబ్బుతో 27 దాటినవాళ్లకు. ఐదడుగుల ఐదంగుళాల మనిషి విషయంలో అది వరుసగా 82 కిలోలు, 74 కిలోలు. నడుం చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే లోపలి కొవ్వు పెరిగినట్టే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో వెల్లడించిన దేశవ్యాప్త సర్వే ప్రకారం షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది, పొట్ట ఊబకాయం ఉన్నవాళ్లు పెద్దవాళ్లలో 39.5 శాతం.

అయితే పల్లెల్లో సన్నగా ఉండి షుగర్ ఉన్నవాళ్లు కూడా తక్కువేమీ కాదు. ఉన్నట్టుండి బరువు తగ్గుతూ, దాహం, మూత్రం ఎక్కువవుతుంటే అది ఒంట్లో ఇన్సులిన్ అయిపోతోందనడానికి గుర్తు. వాళ్లకు కావాల్సింది ఇన్సులిన్. చిన్నతనంలోనే వచ్చిన టైప్ 1 షుగర్‌లో ఇన్సులిన్ ఆపి ఈ సూది వేసుకోవడం ప్రాణాంతకం. ఇన్సులిన్ వేస్తే లావవుతారన్న భయంతో అవసరమైన ఇన్సులిన్‌ను వాయిదా వేయడం కూడా అంతే ప్రమాదం.

ఈ సూదులతో వచ్చే ఇబ్బందుల్లో మొదటిది వికారం. వాంతులు, మలబద్ధకం, విరేచనాలు కూడా ఉంటాయి. అందుకే డోసు మెట్టు మెట్టుగా పెంచుతారు. సెమాగ్లుటైడ్ 0.25తో మొదలై నాలుగేసి వారాలకు ఒక్కో మెట్టు. పనిచేయట్లేదని సొంతంగా మెట్లు దూకితే వాంతులతో ఒంట్లో నీరు పోయి కిడ్నీ దెబ్బతినే దాకా వెళ్లొచ్చు. పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. అరుదుగా క్లోమం వాస్తుంది. పొట్ట పైభాగం నుంచి వీపులోకి పొడిచే నొప్పి ఆగకుండా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కుటుంబంలో మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లకు ఇవి ఇవ్వరు. కంటి నరాలు ముందే దెబ్బతిన్నవాళ్లు మొదలుపెట్టే ముందు కంటి పరీక్ష చేయించుకోవాలి. గర్భం కోసం చూస్తున్నవాళ్లు సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ మొదలుపెట్టినప్పుడు, డోసు పెంచినప్పుడు నాలుగు వారాల పాటు గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు.

కనిపించని నష్టం కండ. తగ్గిన బరువులో పావు వంతు నుంచి కొన్ని కొలతల్లో 40 శాతం దాకా కొవ్వు కానిదే. ఆకలి చచ్చిపోయాక మనిషి అలవాటైన ముద్ద ఒకటి తిని లేస్తారు. సంగటి ముద్ద, పుల్లగూర కడుపు నింపుతాయి గానీ మాంసకృత్తులు పెద్దగా ఇవ్వవు. రాగి మంచిదే, అయినా అది కూడా పిండిపదార్థమే. సూది వాడేవాళ్లు పళ్లెంలో మొదట తినాల్సింది పప్పు, గుడ్డు, పెరుగు, చేప, కోడి. చలికాలంలో అనపగింజలతో చేసే పితికిపప్పు, మామూలు రోజుల్లో ఉలవ గుగ్గిళ్లు, సంగటిలోకి కాస్త ఎక్కువ ఊరుబిండి, ఇవన్నీ ఇంట్లో ఉన్నవే. వాటితో పాటు కుర్చీలోంచి చేయి ఊనకుండా పదేసి సార్లు లేచి కూర్చోవడం, నీళ్ల బిందె మోయడం లాంటి కండకు పనిచెప్పేవి కూడా ఉండాలి. ఖాళీ నడక ఒక్కటీ కండను నిలపదు.

పాత చీటీని సరిచేసేది కూడా ఈ దశలోనే. సూది మొదలుపెట్టేటప్పుడు గ్లిమెపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే డాక్టర్ సాధారణంగా వాటి డోసు తగ్గిస్తారు, లేదా గ్లిమెపిరైడ్ ఆపేస్తారు. గ్లిప్టిన్ ఉంటే తీసేస్తారు, రెండూ ఒకే దారిలో పనిచేస్తాయి కాబట్టి కలిపి వాడినా లాభం లేదు. ఈ సర్దుబాటు షాపులో జరిగేది కాదు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో షుగర్, హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ విభాగం ఉంది. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ ఆసుపత్రి దగ్గరే. ఆరు నెలలకొకసారి వెళ్లినా, మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లి బల్ల మీద పరిస్తే, ఏది ఎందుకు వాడుతున్నారో తేలుతుంది. చీటీ లేకుండా సూది అమ్మే చోట, పేరు లేని డబ్బాలో బరువు తగ్గించే పొడి అమ్మే చోట కొనకూడదు. సిబుట్రమైన్ అనే బరువు మాత్రను గుండెకు ప్రమాదమని అమెరికా, యూరప్ 2010లో ఆపేశాయి, తర్వాత మన దేశంలో కూడా నిషేధించారు. మూలికల మందు పేరుతో అమ్మే పొడుల్లో అది కలిపిన సంగతి ప్రపంచంలో చాలాచోట్ల పరీక్షల్లో బయటపడింది.

చివరగా ఎండ. తిరుపతిలో మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలు. ఈ సూదులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి. తెరిచిన ఓజెంపిక్ పెన్ 30 డిగ్రీల లోపు 56 రోజులు ఆగుతుంది. మౌంజారో వయల్ బయట 21 రోజులే, అది కూడా 30 డిగ్రీల లోపే. పల్లెల్లో ఇన్సులిన్ సీసాను తడి ఇసుకలో పెట్టిన మట్టి కుండలో దాచుకోవడం ఎప్పటి నుంచో ఉంది. వాడుతున్న ఇన్సులిన్ సీసాకు, నాలుగు వారాల్లో అయిపోతుంది కాబట్టి, ఆ కుండ మంచి ఉపాయమే. వేలల్లో ఖరీదు చేసే సూదులు రెండు మూడు నెలలకు సరిపడా కొని అలా ఉంచితే మాత్రం పాడైపోతాయి. ఫ్రిజ్ లేనివాళ్లు, కరెంటు గంటల తరబడి పోయే ఊళ్లవాళ్లు ఒక నెలకు మించి కొనకూడదు. షాపువాళ్లు ఫ్రిజ్‌లోంచి తీసిచ్చారా, అరలోంచి తీసిచ్చారా అన్నది కళ్లారా చూసుకోవాలి. పలమనేరు బస్సెక్కే ముందు మంచు ముక్కలు వేసిన ఫ్లాస్కులో పెట్టుకునేవాళ్లు, మందు డబ్బాను గుడ్డలో చుట్టి, మంచుకు తగలకుండా ఉంచాలి. ఫ్రిజ్‌లో కూడా ఫ్రీజర్ పక్కన కాకుండా కింది అరలో పెట్టాలి. గడ్డకట్టిన సూది మందు కరిగాక చూడటానికి మామూలుగానే, తేటగానే ఉండొచ్చు. అయినా దాన్ని వాడకూడదు, పారేయాల్సిందే.